‘విటుడు’ అనాలా, ‘కస్టమర్’ అనాలా?

సందేహం: లాడ్జిపై పోలీసుల దాడి జరిగితే ‘ఇద్దరు విటుల అరెస్టు’ అని రాస్తుంటాం. ఇష్టపూర్వకంగా లైంగిక వృత్తి చేసే మహిళ దగ్గరికి వెళ్లిన వ్యక్తిని విటుడు అనవచ్చా? ‘కస్టమర్’, ‘వినియోగదారుడు’ మేలా?
– ఒక విలేకరి, ఖమ్మం

సమాధానం: ‘విటుడు’ మొదట డబ్బిచ్చేవాడే కాదు. కామసూత్రం ప్రకారం ఆస్తి అనుభవించి కరగదీసుకున్నవాడు, గుణవంతుడు, భార్య ఉన్నవాడు, వేశవాటికలోనూ (వేశ్యలు ఉండే చోటు) గోష్ఠుల్లోనూ మన్నన పొందుతూ వాటి మీదే బతికేవాడు విటుడు. వేశ్య దగ్గరికి వచ్చేవాడికి అక్కడ వేరే మాట ఉంది, ‘గమ్యుడు’ అని. మృచ్ఛకటికం అనే సంస్కృత నాటకంలో గణిక వసంతసేనను చంపమని రాజు బావమరిది శకారుడు అంటే ఒప్పుకోనివాడు విటుడే. తెలుగులోకి వచ్చాక ఆ అర్థం జారిపోయి ‘వేశ్యాలోలుడు’ అన్నది స్థిరపడింది. కావ్యానికీ పద్యానికీ ఆ మాట తప్పు కాదు. వార్తకు తప్పు. ‘లాడ్జిలో పట్టుబడ్డాడు’ అన్నది ఒక ఘటన. ‘విటుడు’ అన్నది మనిషి స్వభావం మీద తీర్పు. నేరం రుజువు కాకముందే, అసలు నేరం ఉందో లేదో తేలకముందే ఆ ముద్ర ఇంటిదాకా వెళ్తుంది.

‘వ్యభిచారి’ ఇంకా చిక్కు. వి, అభి ఉపసర్గలు చేరిన ‘చర’ ధాతువుకు దారి తప్పడం అని అర్థం. రసశాస్త్రంలోని 33 వ్యభిచారి భావాలలో (వచ్చిపోయే భావాలు) ఆ మాటకు ఏ మచ్చా లేదు. తెలుగు బైబిల్లో ‘వ్యభిచరింపకూడదు’ అన్న ఆజ్ఞ దాంపత్య ద్రోహం గురించి. పత్రికల్లో అదే మాట డబ్బు తీసుకునే లైంగిక వృత్తికి వాడతాం. 2018లో సుప్రీంకోర్టు ఐపీసీలోని 497వ సెక్షన్‌ను కొట్టేసినప్పుడు ‘వ్యభిచారం నేరం కాదు’ అని రాస్తే, వృత్తి గురించే అనుకోవడానికి వీలుంది. అక్కడ ‘వివాహేతర సంబంధం’ అనాలి.

ఇక చట్టం. అనైతిక వ్యాపార నిరోధక చట్టం (1956) వ్యభిచార గృహం నడిపేవారినీ (3వ సెక్షన్), ఆ సంపాదన మీద బతికేవారినీ (4వ సెక్షన్), మహిళలను ఇందులోకి దింపేవారినీ (5వ సెక్షన్) శిక్షిస్తుంది. వచ్చిన వ్యక్తిని సూటిగా పేర్కొనేది 7వ సెక్షన్: గుడి, బడి, హాస్టల్, ఆసుపత్రి వంటి చోట్లకు 200 మీటర్ల లోపు లేదా ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతంలో అయితే ఇద్దరికీ 3 నెలల వరకు జైలు. మిగతా చోట్ల వచ్చిన వ్యక్తికి 3, 4 సెక్షన్లు వర్తించవని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కేసులు కొట్టేసిన సందర్భాలున్నాయి. కేరళ హైకోర్టు 2025లో మరోలా చూసింది. లైంగిక వృత్తిలోని మనిషి సరుకు కాదు కనుక వచ్చినవాడిని ‘కస్టమర్’ అనలేమనీ, అతనిపై 5వ సెక్షన్ కింద విచారణ జరపవచ్చనీ అంది. ఒక్క మాట అర్థం మీద కేసు మలుపు తిరగడం భాష తెలిసినవారు గమనించాలి. ‘వినియోగదారుడు’కూ అదే అభ్యంతరం: వినియోగించుకునేది వస్తువును. ‘ఖాతాదారు’ బ్యాంకు మాట, ‘గ్రాహకుడు’ హిందీ నీడ. ఆరోగ్య కార్యకర్తల నోట వినిపించే ‘క్లయింట్’ వాళ్ల పనిలో సరిపోతుంది. పోలీసు వార్తలో అతకదు.

నా సలహా: మాటకు బదులు పని చెప్పండి. ‘డబ్బిచ్చి వెళ్లిన వ్యక్తి’, ‘గదిలో ఉన్న పురుషుడు’ అనండి. మహిళను ‘సెక్స్ వర్కర్’ అనవచ్చు, తన ఇష్టంతో చేస్తోందని తెలిసినప్పుడే. బలవంతంగా తెచ్చిన మహిళైనా, బాలికైనా ఈ మర్యాద మాటలన్నీ పక్కన పెట్టాలి. అక్కడ ఆమె ‘బాధితురాలు’, అతను ‘లైంగిక దోపిడీ కేసులో నిందితుడు’. బాలికను ‘వ్యభిచారిణి’ అని రాయడం క్షమించరాని తప్పు.

అదుపులోకి తీసుకోవడం, అరెస్టు ఒకటి కావు. ఏ సెక్షనో అడిగి రాయండి. సెక్స్ వర్కర్ల పేర్లు, గుర్తింపు బయటపడకూడదనీ, దాడి దృశ్యాల పేరుతో వారినీ వారి దగ్గరికి వచ్చినవారినీ చూపే ప్రసారాలపై చాటుగా చూసే నేరానికి సంబంధించిన సెక్షన్‌ను గట్టిగా అమలు చేయాలనీ 2022 మే 19న సుప్రీంకోర్టు ఆదేశించింది.

మీ శీర్షికను ఇలా మార్చవచ్చు: ‘లాడ్జిపై పోలీసుల దాడి – నిర్వాహకుడి అరెస్టు, ఇద్దరిపై 7వ సెక్షన్ కేసు’.