ఫోన్ లైన్‌ని తిట్టే ముందు సీరియల్ పోర్ట్ చూసుకోవాల్సింది

"బులెటిన్ బోర్డుల కాలంలో మోడెమ్ మీద ఫైల్ దించుకుంటుంటే మధ్యలో ఎర్రర్లు వచ్చి ఆగిపోయేవట కదా, లైన్‌లో గరగర వల్లేనా? అప్పట్లో ఏం చేసేవారు?" అని అడిగారు.

లైన్ వల్ల కాదండీ. అందరూ ఫోన్ కంపెనీనే తిట్టేవాళ్ళు గానీ, నన్నడిగితే పదింట తొమ్మిదిసార్లు తప్పు మన బల్ల మీదే ఉండేది. బులెటిన్ బోర్డు అంటే ఫోన్ నంబర్ డయల్ చేసి చేరే ఇంకొకరి కంప్యూటర్; మోడెమ్ అంటే మన కంప్యూటర్‌ని ఫోన్ లైన్‌కి కలిపే పరికరం.

1993 డిసెంబర్. డాలస్ దగ్గర ఆర్లింగ్టన్‌లో నలుగురం ఎమ్మెస్ విద్యార్థులం, ఒకటే కంప్యూటర్, ఒకటే ఫోన్. అక్కడ లోకల్ కాల్‌కి నిమిషాల లెక్క లేదు, నెలకింత అని కడితే చాలు. బోర్డులు అంతగా పెరిగింది అందుకే. ఆ నెల 10న డూమ్ అనే గేమ్ షేర్‌వేర్‌గా, అంటే మొదటి భాగం ఎవరైనా ఉచితంగా దించుకునేలా వచ్చింది. రెండు మెగాబైట్లు దాటిన ఫైల్. మా 14,400 మోడెమ్ సెకనుకి 1,600 అక్షరాలు లాగేది కాబట్టి పాతిక నిమిషాల్లో అయిపోవాలి. మేం చేరిన బోర్డు మనిషికి రోజుకి గంట ఇచ్చేది. ఆ గంటా అయిపోయినా మాకు ఫైల్ రాలేదు. సీఆర్‌సీ ఎర్రర్, మళ్ళీ సీఆర్‌సీ ఎర్రర్; అంటే వచ్చిన ముక్క పంపిన ముక్కతో సరిపోలేదని. వేగం 400కి పడిపోయింది.

కాల్ వెయిటింగ్ బీప్ వల్లే అనుకున్నాం. నంబర్‌కి ముందు స్టార్ 70 కొడితే ఆ కాల్ అయ్యేదాకా బీప్ రాదు. శనివారం రాత్రి అలాగే కొట్టి కూర్చున్నాం. మాకు రాత్రి తొమ్మిదంటే తెనాలిలో ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర. మా రూమ్మేట్ వాళ్ళమ్మగారు ఐఎస్‌డీ బూత్‌కి వచ్చేది సరిగ్గా అప్పుడే. పాపం, బూత్‌లో నిలబడి గంటసేపు డయల్ చేస్తూనే ఉన్నారట. చివరికి లైన్ దొరికాక ఆవిడ అన్న మాట: "ఎంతసేపు చేసినా ఎంగేజే వస్తోంది నాయనా, ఏమైందోనని కాళ్ళు వణికాయి." వాడు ఆ రాత్రి అన్నం తినలేదు. అంత చేసినా ఎర్రర్లు తగ్గాయా అంటే, ఒక్కటి కూడా తగ్గలేదు.

మర్నాడు నేను స్క్రీన్ మానేసి పెట్టె వంక చూస్తూ కూర్చున్నా. హార్డ్ డిస్క్ లైటు వెలిగిన ప్రతిసారీ ఒక ఎర్రర్ పెరుగుతోంది. లైటు వెలగనప్పుడు ఒక్కటీ లేదు. అసలు ఇది ముందే తట్టాల్సింది. మా మోడెమ్ కనెక్ట్ అయినప్పుడే "ఎల్ఏపీఎం" అని చూపించేది. అంటే లైన్‌లో గరగర వస్తే రెండు మోడెమ్‌లూ తమలో తామే సరిదిద్దుకుంటాయి. అది దాటి కూడా ఎర్రర్ వస్తోందంటే తప్పు మోడెమ్‌కీ కంప్యూటర్‌కీ మధ్యే ఉండాలి.

కంప్యూటర్‌లో ఏ భాగాలున్నాయో చెప్పే ఎమ్మెస్‌డీ ప్రోగ్రామ్ నడిపి చూస్తే, సీరియల్ పోర్ట్ (మోడెమ్ తీగ కంప్యూటర్‌కి తగిలించే చోటు) చిప్ 8250 అని చూపించింది. అందులో ఒక్క అక్షరానికే చోటు. మేం పోర్ట్‌ని 38,400కి పెట్టాం, అంటే పావు మిల్లీసెకనుకో అక్షరం వచ్చిపడుతుంది. పైగా మోడెమ్‌తో డయల్ చేసి ఫైల్ దించే టెలిక్స్ ప్రోగ్రామ్‌ని విండోస్ 3.1 లోపల నడిపేవాళ్ళం. డిస్క్ మీద రాసే పనిలో ప్రాసెసర్ కాస్త ఆలస్యం చేస్తే పాత అక్షరం మీద కొత్తది కూర్చుంటుంది. 16550ఏ చిప్‌లో అయితే 16 అక్షరాలు క్యూ కడతాయి. మా అదృష్టం, పాతది సాకెట్‌లో ఉంది. చిన్న స్క్రూడ్రైవర్‌తో ఆ చివర కొంచెం, ఈ చివర కొంచెం లేపుతూ నలభై కాళ్ళూ వంగకుండా బయటికి తీసి కొత్తది నొక్కాను. ఫ్లో కంట్రోల్‌ని ఆర్‌టీఎస్/సీటీఎస్‌కి మార్చాను, అంటే అందుకోలేనప్పుడు కంప్యూటర్, మోడెమ్ ఒకదాన్నొకటి తీగ మీదే ఆగమని చెప్పుకునే పద్ధతికి. అంతే, ఎర్రర్లు సున్నా.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆగిన చోటి నుంచే మళ్ళీ ఎత్తుకోవడం 1986లో చక్ ఫోర్స్‌బర్గ్ రాసిన జెడ్‌మోడెమ్ అనే ఫైల్ పంపే పద్ధతిలోనే ఉంది. ఇవాళ కొన్ని సైట్లలో 90 శాతం దగ్గర నెట్ పోతే మళ్ళీ మొదటి నుంచి దించుకోవాలి. ఇది క్షమించరాని బద్ధకం. అంతకు ముందరి పద్ధతి ఎక్స్‌మోడెమ్ అంటే 1977 నాటిది, 128 బైట్లకోసారి జవాబు కోసం ఆగేది, దానికి ఆ సౌకర్యం లేదంటే అర్థముంది. వీళ్ళకేమైంది?

తర్వాతి శనివారం స్టార్ 70 తీసేశాను. డూమ్ సగం దాటాక బీప్ వచ్చింది, క్యారియర్ పోయింది (మోడెమ్‌ల కనెక్షన్ తెగింది), మరుక్షణం ఫోన్ మోగింది. వాళ్ళమ్మగారే. వాడు పది నిమిషాలు మాట్లాడి, కళ్ళు తుడుచుకుని రిసీవర్ పెట్టేశాడు. మళ్ళీ డయల్ చేశాం. ఫైల్ ఆగిన బైట్ దగ్గర నుంచే మొదలైంది.