ఇల్లు అత్తగారి పేరున ఉంటే నన్ను బయటికి గెంటేయొచ్చా మేడం?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర ఊరు మేడం. పెళ్లయి 8 ఏళ్లు, ఒక బాబు, ఒక పాప. మావారికి హైదరాబాద్‌లో ప్రైవేట్ జాబ్, కూకట్‌పల్లిలో అత్తగారి పేరున ఉన్న ఫ్లాట్‌లో అందరం కలిసే ఉండేవాళ్లం. కొట్టడం మొదట్నుంచీ ఉంది. రెండుసార్లు స్టేషన్‌లో కౌన్సెలింగ్ చేసి, ఇకమీద చెయ్యి చేసుకోనని ఆయన చేత కాగితం రాయించి పంపేశారు. పోయిన నెల రాత్రిపూట పిల్లలతో సహా బయటికి నెట్టి తలుపేసుకున్నారు. ఇల్లు నాది, గడప తొక్కడానికి వీల్లేదంటోంది అత్తగారు. నా బంగారం ఆవిడ బీరువాలోనే ఉంది. ఇప్పుడు పుట్టింట్లో ఉన్నా. కేసు పెడితే విడాకులిచ్చేస్తానంటున్నాడు. నాకు విడాకులొద్దు, కొట్టకుండా ఉంటే చాలు. కేసంటే హైదరాబాద్ చుట్టూ తిరగాలా?

జవాబు: అమ్మా, ముందు ఆ విడాకుల భయం సంగతి చూద్దాం, ఎందుకంటే చాలామంది ఆ ఒక్క మాటకే హడలిపోయి ఏళ్ల తరబడి దెబ్బలు తింటూ కూర్చుంటారు. గృహహింస కేసు వేరు, విడాకుల కేసు వేరు. గృహహింస కేసుని మన కోర్టుల్లో డీవీసీ అంటారు, 2005 నాటి చట్టం, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. ఇందులో మీరు కాపురం తెంచమనీ అడగరు, ఆయన్ని జైల్లో వెయ్యమనీ అడగరు. కొట్టకుండా ఆపండి, ఉండటానికి చోటు చూపించండి, నాకూ పిల్లలకీ ఖర్చులిప్పించండి, నా వస్తువులు నాకిప్పించండి, అడిగేది ఇవే. విడాకులంటారా, ఆయన ఇచ్చేస్తానంటే వచ్చేసేవి కావు, కోర్టుకెళ్లి కారణం నిరూపించుకోవాలి, లేదంటే మీరు కూడా ఒప్పుకుని సంతకం పెట్టాలి. అందుకని పెద్దమనుషులు కూర్చోబెట్టి ఎంత ఒత్తిడి చేసినా తెల్లకాగితం మీద గానీ స్టాంప్ పేపర్ మీద గానీ సంతకం పెట్టకండి.

ఇక ఇల్లు. మీ అత్తగారు అన్న మాట ఒకప్పుడైతే చాలావరకు చెల్లేది, 2006 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు అత్తగారి పేరున ఉన్న ఇంట్లో కోడలికి హక్కు లేదన్నట్టే తీర్పిచ్చింది, దాన్ని పట్టుకుని ఎంతమంది కోడళ్లని రోడ్డున పడేశారో. 2020 అక్టోబర్‌లో సతీష్ చందర్ అహుజా కేసులో అదే సుప్రీంకోర్టు ఆ తీర్పు తప్పని చెప్పేసింది. ఇల్లు ఎవరి పేరునున్నా సరే, పెళ్లయ్యాక మీరు అక్కడ కాపురం చేశారా లేదా, అదే లెక్క. మీరు చేశారు. ఇప్పుడు పుట్టింట్లో ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదు. రేపు వాళ్లు సీనియర్ సిటిజన్ల చట్టం కింద ఆర్డీవో దగ్గరికెళ్లి కోడల్ని ఖాళీ చేయించండని పిటిషన్ పెట్టొచ్చు, ఈ మధ్య అది బాగా అలవాటైంది, కానీ ఆ దారిలో కోడలి నివాస హక్కుని ఎగరగొట్టడం కుదరదని 2020 డిసెంబర్‌లోనే ఇంకో తీర్పు ఉంది.

అలాగని తప్పకుండా అదే ఫ్లాట్లోకి పంపిస్తారని నేను మాటివ్వను. పెద్దవాళ్ల ప్రశాంతత కూడా కోర్టు చూస్తుంది, పైగా మీ అత్తగారిని ఇంట్లోంచి వెళ్లిపొమ్మని ఈ చట్టం కింద ఆర్డరివ్వడానికి లేదు, ఆవిడ కూడా ఆడమనిషే కాబట్టి. అందుకే పిటిషన్‌లో రెండూ అడగాలి, ఆ ఇంట్లో ఉండనివ్వాలి, లేదా అదే స్థాయి ఇల్లు వేరే తీసుకుని అద్దె ఆయన కట్టాలి. నన్నడిగితే రెండోదే మేలంటాను, అదే బీరువా, అదే తలుపు, అదే మనుషుల మధ్యకి పిల్లల్ని మళ్లీ తీసుకెళ్లడమెందుకు. కానీ అది మీ ఇష్టం, నా ఇష్టం కాదు.

హైదరాబాద్ తిరగక్కర్లేదు. మీరు తాత్కాలికంగా ఉంటున్న చోటైనా సరే అక్కడి మేజిస్ట్రేట్ కోర్టులో డీవీసీ వేసుకోవచ్చు, అంటే తెనాలిలోనే. వాయిదాలకి రావాల్సింది ఆయన.

ఇప్పుడు కాగితాల సంగతి కొంచెం నిదానంగా చదవండి. స్టేషన్‌లో ఆయన రాసిచ్చిన కాగితం ఉందే, ఇకమీద కొట్టనని, అది మీరు ఎందుకూ పనికిరాదనుకుంటున్నారు కదా. ఇకమీద కొట్టనన్నాడంటే ఇప్పటిదాకా కొట్టానని ఒప్పుకున్నట్టే కదమ్మా! స్టేషన్‌లో అర్జీ పెట్టి దాని కాపీ తీసుకోండి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి, అప్పటికీ రాకపోతే కోర్టు ద్వారా తెప్పిద్దాం. హాస్పిటల్ చీటీలుంటే అవీ. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు, భర్త పక్కనే నిలబడి ఉంటాడు, డాక్టరు ఏమైందంటే బాత్రూంలో జారిపడ్డానంటారు, ఓపీ చీటీ మీద అదే రాస్తారు, రెండేళ్ల తర్వాత అవతలి లాయరు ఆ చీటీ చేతిలో పట్టుకుని నవ్వుతూ మిమ్మల్ని ఎదురు ప్రశ్నలతో క్రాస్ చేస్తాడు. మీ చీటీలోనూ అలాగే ఉంటే దాచొద్దు, ఎందుకలా చెప్పాల్సొచ్చిందో పిటిషన్‌లో మనమే ముందు రాసేద్దాం. వాట్సాప్ తిట్లు, ఆడియోలుంటే ఆ ఫోన్ అమ్మొద్దు, ఎక్స్చేంజ్‌లో ఇవ్వొద్దు, అసలు ఫోనే కావాలి.

బంగారానికి బిల్లుల్లేవని కంగారు పడకండి. నా దగ్గరికొచ్చిన ఒకావిడ పెళ్లి ఆల్బమ్ పట్టుకొచ్చింది, పీటల మీద కూర్చున్న ఫోటోలో ఇది అమ్మ పెట్టిన నాంతాడు, ఇవి పిన్ని పెట్టిన గాజులు, ఇది వడ్డాణం అని వేలు పెట్టి చూపిస్తుంటే నేను లిస్ట్ రాసుకున్నా, ఆ ఫోటోలే కోర్టులో పెట్టాం. పుట్టింటివాళ్లు పెట్టినా అత్తింటివాళ్లు పెట్టినా మీకిచ్చింది స్త్రీధనం, అది ఆవిడ బీరువాలో ఉన్నంత మాత్రాన ఆవిడదైపోదు. అత్తగారిని కూడా కేసులో పార్టీ చెయ్యొచ్చు, మగవాళ్ల మీదే వెయ్యాలన్న మాటని 2016లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అలాగని ఎక్కడో కాపురముంటున్న ఆడపడుచునీ, తోడికోడల్నీ అందర్నీ లాగకండి, అసలు కేసు పలచనైపోతుంది.

పిటిషన్ ఎలా రాస్తారన్నదే సగం కేసు. ఇరవై పేజీల కష్టం రాసి, చివర్న ఎంత కావాలో అంకె వెయ్యని పిటిషన్లు చూసి చూసి విసుగొచ్చింది నాకు. బాబు స్కూలు ఫీజెంత, ఇంటద్దెంత, పాలకెంత, మందులకెంత, విడివిడిగా రాయండి. ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌గా ఇవ్వాలని 2020లో రజనీష్ వర్సెస్ నేహా తీర్పు వచ్చింది, కాబట్టి ఆయన జీతం తక్కువ చెప్పి తప్పించుకోవడం మునుపటంత తేలిక కాదు. డబ్బు కట్టకపోతే జీతంలోంచి నేరుగా మీకివ్వమని కంపెనీకి ఆర్డర్ వేసే అధికారం కూడా మేజిస్ట్రేట్‌కి ఉంది.

చట్టం ప్రకారం మొదటి వాయిదా మామూలుగా 3 రోజుల్లోపు రావాలి, 60 రోజుల్లో కేసు తేల్చడానికి ప్రయత్నించాలి. నిజంగా చెప్పాలంటే అలా జరగడం అరుదు, సమన్లు అందలేదంటారు, కౌంటర్‌కి, అంటే వాళ్ల జవాబు దాఖలు చెయ్యడానికి, టైం అడుగుతారు, లాయర్ల బాయ్‌కాట్ ఒకటి. అందుకే మెయిన్ పిటిషన్‌తో పాటే 23వ సెక్షన్ కింద మధ్యంతర పిటిషన్, అంటే కేసు తేలేలోపే ఆర్డరివ్వమని, కూడా వేసెయ్యాలి. అవసరమైతే అవతలివాళ్లు రాకముందే, మీ అఫిడవిట్ చూసే కోర్టు రక్షణ ఆర్డరివ్వొచ్చు, మిమ్మల్ని కొట్టకూడదు, మీ పుట్టింటికి గానీ పిల్లల స్కూలుకి గానీ వచ్చి గొడవ చెయ్యకూడదని. ఆ ఆర్డర్ చేతిలో ఉన్నాక ఆయన దాటితే మాత్రం అది నేరం, ఏడాది దాకా జైలు, 20 వేల దాకా జరిమానా, బెయిల్ హక్కుగా రాదు. అప్పుడు స్టేషన్‌లో మళ్లీ కౌన్సెలింగ్ చేసి పంపేస్తామంటే కుదరదు.

క్రిమినల్ కేసు కూడా పెట్టాలా అంటే, భర్త, అత్తింటివాళ్లు పెట్టే హింస మీద వేసే పాత 498ఏ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్, అదీ మీరు తలదాచుకున్న చోటే పెట్టొచ్చు. పెట్టగానే అరెస్టు చేసేస్తారని అనుకోవద్దు, ముందు నోటీసిస్తారు. మీకు కాపురం కావాలి కాబట్టి నేనైతే ముందు డీవీసీ వేసి చూస్తాను, అలాగని ఇప్పుడు వెయ్యలేదని తర్వాత వెయ్యకూడదని లేదు.

లాయర్ ఫీజుకి డబ్బుల్లేకపోతే తెనాలి కోర్టు ప్రాంగణంలోనే న్యాయ సేవా కమిటీ ఆఫీసుంటుంది, ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్నిస్తారు, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి చేస్తే ఈ చట్టం కింద సాయం చెయ్యడానికి ప్రభుత్వం పెట్టిన ప్రొటెక్షన్ ఆఫీసర్ దగ్గరికీ, ఉండటానికి చోటు లేకపోతే బాధిత మహిళలకి ఆసరా ఇచ్చే వన్ స్టాప్ సెంటర్‌కీ దారి చూపిస్తారు. ప్రొటెక్షన్ ఆఫీసర్ రిపోర్టు రాయించుకుంటే మంచిదే, అది లేకపోయినా నేరుగా కోర్టుకెళ్లొచ్చు.

ఈలోగా ఆయన మీ నాన్నగారింటి ముందుకొచ్చి తలుపులు బాదితే తీయకండి, లాయర్లకీ మేనమామలకీ ఫోన్లు చేస్తూ కూర్చోకండి, ముందు 112 కొట్టండి. పోలీసులొచ్చి వెళ్లాక ఆ తారీఖు, టైము ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, పిటిషన్‌లో అది కూడా కావాలి.