మూడు నెలలైనా మచ్చ తగ్గలేదని కంగారు పడకు

చెల్లెమ్మా, గుంటూరులో నాన్నగారి ముంజేతికి కుట్లు విప్పి మూడు నెలలైనా మచ్చ ఎర్రగా, ఉబ్బెత్తుగా ఉందని, కొల్లాజెన్ (చర్మానికి గట్టిదనమిచ్చే ప్రొటీన్) పొడి కొనాలా అని అడిగావు. టెన్షన్ వద్దు, లోపల పని ఇంకా నడుస్తోంది.

గాయాన్ని పూడ్చే తొందరలో ఒళ్లు మొదట మూడో రకం కొల్లాజెన్‌ను అడ్డదిడ్డంగా పరిచేస్తుంది. తర్వాత దాన్ని విప్పి, గట్టిదైన ఒకటో రకం పోగులను వరుసగా పేర్చుకోవాలి. విప్పే పని ఎంజైములది. కొల్లాజెన్ మూడు పేటల తాడు లాంటిది, మామూలు ఎంజైములకు లొంగదు. జింకు సాయంతో పనిచేసే కొల్లాజినేజ్ అనే ఎంజైము ఆ తాడును ఒకే చోట, ముప్పావు, పావు ముక్కలుగా తెంపుతుంది. ఆ ముక్కలు ఒంటి వేడికే పేటలు విడిపోతాయి, ఇక జెలటినేజులనే వేరే ఎంజైములు వాటిని నమిలేస్తాయి. 1962లో కొల్లాజినేజ్‌ను మొదట గుర్తించింది తోకకప్ప తోకలో. కప్ప ఎదిగేటప్పుడు తోక కరిగిపోయేది దీనివల్లే! ఎప్పుడు తలచుకున్నా నాకు అబ్బురమే. పని మితిమీరకుండా టింప్ అనే ప్రొటీన్లు పగ్గం వేస్తాయి.

ఇదంతా ఏడాది దాకా సాగుతుంది. విజయవాడలో మా అమ్మ చేతి మీద కత్తిపీట కోత అయిదో నెలలో కూడా కందగడ్డలా ఉండేది. మళ్లీ ఉగాది వచ్చేసరికి తెల్లటి సన్నగీత.

పొడి కొనకు. తిన్న కొల్లాజెన్ అరిగి చిన్న ముక్కలవుతుంది, నేరుగా మచ్చలోకి వెళ్లదు. కొత్త పోగు గట్టిపడాలంటే విటమిన్ సి కావాలి, జామకాయలు, ఉసిరికాయలు పెట్టు. మన ఎండలకు మచ్చ నల్లబడుతుంది, పొడుగు చేతుల చొక్కా వేయించు. మచ్చ గాయం అంచు దాటి పాకుతుంటే మాత్రం కీలాయిడ్ కావచ్చు, చర్మ డాక్టరుకు చూపించు.