మాయల కథల పుస్తకం దాచేయాలా?

ప్రశ్న: మా అమ్మాయికి పదేళ్లు. మావారి ఉద్యోగం బదిలీ కావడంతో జూన్‌లో ఖమ్మం నుంచి హైదరాబాద్‌ వచ్చాం. అప్పటి నుంచి యాభై పేజీలైనా లేని ఒక మాయల కథ పుస్తకం పట్టుకుని, చదివిందే మళ్లీ చదువుతోంది. అందులో ఒక చిన్న పిల్ల, మాట్లాడే చిలుక సాయంతో రాక్షసుడి కోటలోకి వెళ్లి తన వాళ్లను విడిపించుకు వస్తుంది. ‘ఈ వయసులో విజ్ఞానం పెంచే పుస్తకాలు చదవాలి కానీ, ఈ పుక్కిటి పురాణాలేమిటి’ అని మావారు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. పాప అన్నం మానేసి ఏడ్చింది. దీని మీద మా ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. పిల్ల ఊహాలోకంలోనే ఉండిపోతుందేమోనని నాకూ లోలోపల భయంగానే ఉంది. మాన్పించమంటారా?

జవాబు: అమ్మా, మాన్పించవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. పదేళ్ల పిల్లకు చిలుకలు మన భాషలో మంతనాలాడవనీ, రాక్షసులు ఉండరనీ తెలుసు. తెలిసి కూడా, కథ నడిచినంతసేపూ అవన్నీ నిజమేనని ఒప్పుకుని చదవడంలోనే ఆ వయసు వారికి ఆనందం ఉంది. దీన్ని భ్రమగా పొరబడకండి.

ఇంత చిన్న కథ పిల్లలను ఎందుకంత కట్టిపడేస్తుందో మీవారికి చెప్పగలిగితే సగం తగాదా తీరుతుంది. మనకు బాగా తెలిసిన బాలనాగమ్మ కథనే చూడండి. మాయల ఫకీరు మంత్రానికి కార్యవర్ధి రాజు, అతని పరివారం రాళ్లైపోతారు. ఆయుధం పట్టగల పెద్దలు ఎవరూ మిగలని ఆ సమయంలో, బాలవర్ధి అనే కుర్రవాడు బయలుదేరి, ఏడు సముద్రాల అవతల చిలుకలో దాగిన ఫకీరు ప్రాణాన్ని పట్టుకుంటాడు. పెద్దలకు చేతకానిది పిల్లవాడికి చేతనైందన్న ఆ ఒక్క మాట, ఏ బడిలో చేరాలో, ఏ ఊళ్లో ఉండాలో, ఎప్పుడు నిద్రపోవాలో కూడా ఇతరులే నిర్ణయించే వయసులో ఉన్నవారికి ఎంత ఊరటనిస్తుందో ఆలోచించండి. శత్రువు ఎంతటి వాడైనా అతని ప్రాణం ఒకచోట దాగి ఉంటుందనీ, ఆ చోటు తెలుసుకుంటే చాలుననీ కథ చెబుతుంది. పేరూ రూపూ లేని భయం కంటే, ఎక్కడుందో తెలిసిన భయాన్ని పిల్లలు సులువుగా తట్టుకుంటారు.

కథ చిన్నది కావడం కూడా ఈ ఆకర్షణలో భాగమే. పెద్ద నవలలో భయం వందల పేజీలు సాగుతుంది. చిన్న కథలో అరగంటలో మొదలై, పెరిగి, తీరిపోతుంది. ‘కథ కంచికి, మనం ఇంటికి’ అంటూ మన పెద్దలు చివర ఒక గీత గీసేవారు కదా, భయపడిన పిల్లలను ఆ మాటే మళ్లీ ఇంటి గడప లోపలికి చేర్చేది. అదే కథను పదిసార్లు చదవడమూ ఇందుకే: ముగింపు ముందే తెలుసు కాబట్టి, ఈసారి రాక్షసుడికి ధైర్యంగా ఎదురు నిలవవచ్చు. పిల్లల మనస్తత్వంపై రాసిన బ్రూనో బెటెల్‌హైమ్‌ 1976లో వెలువరించిన గ్రంథంలో, పిల్లలు తమ లోపలి భయాలను ఇలాంటి కథల ద్వారా దూరం నుంచి చూసుకుంటారని వాదించారు. ప్రతి అడవికీ, ప్రతి కోటకూ ఆయన తీసిన గూఢార్థాలు నాకు అతిగా తోస్తాయి కానీ, ఈ మూల విషయాన్ని మాత్రం నేను ఒప్పుకుంటాను.

ఇక, మీ ఉత్తరంలో మీరు ఒక్క ముక్కలో దాటేసిన విషయం ఒకటుంది. ఈ చదువు జూన్‌లో, అంటే ఊరు మారినప్పుడు, మొదలైంది. పాప స్నేహితులు ఖమ్మంలోనే ఉండిపోయారు. కొత్త బడిలో ఎవరి పక్కన కూర్చుంటోందో మీరు రాయలేదు. తన వాళ్లను విడిపించుకు వచ్చే పిల్ల కథనే ఆమె ఎంచుకోవడం కాకతాళీయం కాకపోవచ్చు. అలాగని ‘స్నేహితుల మీద బెంగతోనే ఇది చదువుతున్నావా’ అని నిలదీయకండి. పక్కన కూర్చుని చదివించుకుని, ఏ ఘట్టం ఇష్టమో అడగండి, చెప్పినంత వినండి. ‘నీతి ఏమిటి’ అని మాత్రం అడగవద్దు. ఆ ప్రశ్నతో కథ కాస్తా పరీక్ష పేపరైపోతుంది. వారానికొకసారైనా పాత స్నేహితురాలితో వీడియో కాల్‌ మాట్లాడించండి, కొత్త తరగతిలో ఒక పిల్లను ఇంటికి పిలవండి. పుస్తకం కన్నా ముందు ఈ వైపు శ్రద్ధ కావాలి.

మీవారి కోరిక తప్పని నేను అనను. విజ్ఞాన పుస్తకాలూ చదవాలి, కానీ ఒకదాన్ని దాచి మరొకదాన్ని చేతిలో పెడితే, ఆ రెండోది శిక్షగా తోస్తుంది. 1947 జూలైలో మొదలైన చందమామలో రాకుమారుల కథలూ బేతాళ కథలూ చదివిన పిల్లలు తర్వాత డాక్టర్లూ ఇంజనీర్లూ కాకుండా పోలేదు. ఈ జవాబును తీర్పులా తీసుకువెళ్లి ఆయన ముందు పెట్టకండి. పంతం ఇంకా పెరుగుతుంది. పాప నిద్రపోయాక, ఆయనను ఆ పుస్తకం ఒక్కసారి చదవమని అడగండి, అరగంట పని. ఆయన అభ్యంతరం ఏదైనా ఉంటే (ఇలాంటి కథల్లో సవతి తల్లులందరూ దుర్మార్గులే, నల్లనివాళ్లందరూ రాక్షసులే, అది నాకూ నచ్చదు), దాన్ని పాపతోనే మాట్లాడమనండి. పదేళ్ల పిల్ల ఆ చర్చ చేయగలదు.

ఆందోళన పడవలసిన గుర్తులు వేరే ఉన్నాయి. వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, బడికి వెళ్లనని మొండికేయడం, ఇంతకు ముందు ఇష్టంగా ఆడిన ఆటలన్నీ వదిలేయడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం కనిపిస్తే, పుస్తకం సంగతి పక్కన పెట్టి పిల్లల మానసిక నిపుణులను కలవండి. ముందుగా ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్‌ సేవ 14416 నంబరులో ఉచితంగా అందుబాటులో ఉంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఒక్క పూట అన్నం మానేయడం ఈ కోవలోకి రాదు. ప్రియమైన వస్తువును లాక్కుంటే ఎవరికైనా కోపం వస్తుంది.

పుస్తకాన్ని బీరువాలోంచి తీసి ఇవ్వవలసింది మీరు కాదు, మీవారే. మీరు చాటుగా ఇస్తే అమ్మ మంచిది, నాన్న చెడ్డవాడు అన్న కథ మీ ఇంట్లోనే మొదలవుతుంది. ఆయన చేతులతోనే ఇచ్చి, ‘చిలుక సాయం చేసే చోటు నాకు చదివి వినిపించు’ అని అడిగితే చాలు. క్షమాపణ లాంటి పెద్ద మాటలేవీ అక్కరలేదు.