కెరీర్ కౌన్సెలర్ కావాలనుకుంటున్న అమ్మాయికి

అమ్మాయీ,

టీచరు ఉద్యోగం వదిలి బడిలోనే కెరీర్ కౌన్సెలర్‌గా మారాలనుకుంటున్నావని, ఏ కోర్సు చేస్తే మంచిదో చెప్పమని రాశావు. కోర్సు సంగతికి తర్వాత వస్తాను. పిల్లలకు దారి చూపాలన్న ఉత్సాహం నీకు మొదటినుంచీ ఉంది. వాళ్లు చెప్పేది చివరిదాకా వినే ఓపిక ఉందా? లేకపోతే పాఠాలు చెప్పుకోవడమే మేలు.

పాఠం చెప్పి అలవాటైనవాళ్లకు ఈ పనిలో మొదటి అడ్డంకి తమ నోరే. ప్రశ్న వినగానే జవాబు తన్నుకొస్తుంది. పదిహేనేళ్ల కుర్రవాడు వచ్చి "డాక్టర్నవుతాను" అంటాడు. ఏ పరీక్ష రాయాలో, ఎన్ని మార్కులు రావాలో వెంటనే ఏకరువు పెట్టకు. "డాక్టర్లు రోజంతా ఏం చేస్తుంటారు?" అని అడిగి ఊరుకో. ఆ మౌనం నీకూ ఇబ్బందిగానే ఉంటుంది, అయినా భరించు. కాసేపటికి ఇంట్లోవాళ్లు చెప్పమన్నారని ఒప్పుకోవచ్చు. లేదా అమ్మమ్మను ఆసుపత్రిలో చేర్చినప్పుడు స్కానింగ్ యంత్రం ఎలా పనిచేస్తుందో అక్కడివాళ్లను అడిగి తెలుసుకున్నానని కళ్లు పెద్దవి చేసి చెప్పవచ్చు. అసలు సంభాషణ అక్కడ మొదలవుతుంది. ఇక "ఏమో, తెలియదు" అనేవాళ్లే ఎక్కువమంది. వాళ్లను నీకేది ఇష్టమని అడగడం దండగ. "ఏ పని పడితే నీ స్నేహితులు నీ దగ్గరికి వస్తారు?" అని అడిగి చూడు.

ఫ్రాంక్ పార్సన్స్ 1908లో బోస్టన్‌లో యువతకు వృత్తి సలహా కేంద్రం పెట్టినప్పటి సూత్రం నేటికీ పాతబడలేదు. మనిషి తనను తాను తెలుసుకోవాలి, పనుల గురించి తెలుసుకోవాలి, ఆ రెండింటినీ కలిపి ఆలోచించాలి. ఈ మూడో మెట్టు దగ్గరే సలహాదారులు తొందరపడి పిల్లల బదులు తామే ఎక్కేస్తారు. మనుషుల అభిరుచులను ఆరు రకాలుగా విభజించిన జాన్ హాలండ్ పద్ధతి మీద నడిచే ప్రశ్నావళులు నీకు చాలా తగులుతాయి. మాట కలపడానికి అవి బాగానే పనికొస్తాయి. ఫలితాల కాగితం చేతిలో పెట్టి పంపేస్తే మాత్రం అది జాతకం చెప్పినట్టే.

రెండో మెట్టు కోసం నీ చెప్పులు అరగాలి. మన టీచర్లలో చాలామంది బడి నుంచి కాలేజీకి, అక్కడి నుంచి తిరిగి బడికి వచ్చినవాళ్లే. సెలవుల్లో గోదాములకు, ప్రయోగశాలలకు, వర్క్‌షాపులకు వెళ్లు. జీతం ఎంతో, షిఫ్టులు ఎలా ఉంటాయో అడుగు. కొత్తవాళ్లు మొదటి ఏడాదిలోనే ఎందుకు మానేస్తున్నారో తప్పకుండా అడుగు. దానికి జవాబు ఏ కరపత్రంలోనూ దొరకదు.

చేరేముందు యాజమాన్యంతో తేల్చుకోవలసింది ఒకటుంది. పై తరగతులున్న బడి తన పిల్లలు తనలోనే కొనసాగాలని కోరుకుంటుంది. వేరేచోట చేతిపని నేర్చుకుంటే బాగుపడే పిల్లను ఆపమని నీకు మెల్లగా సైగ చేస్తారు. సలహా బడి లాభం కోసం కాదని ఇంటర్వ్యూలోనే అడిగి చెప్పించుకో, వీలైతే కాగితం మీద పెట్టించు. తలుపు వేసుకోగలిగే గది కూడా అడుగు. పిల్లలు చెప్పినవి ఎవరికీ చెప్పనని మాట ఇచ్చేముందు, ప్రాణానికి ప్రమాదమనిపిస్తే మాత్రం పెద్దలకు చెప్పక తప్పదని వాళ్లకు తెలియజెయ్యి.

తల్లిదండ్రులు వెంట వస్తే మొదటి మాట పిల్లల చేతే చెప్పించు. నాన్నగారు మొదలుపెట్టారంటే ఆ పూట ఆ పిల్ల గొంతు వినబడదు.

మొదటి ర్యాంకువాళ్లూ, గోల చేసేవాళ్లూ వద్దన్నా నీ గదికి చేరుకుంటారు. మధ్య బెంచీల్లో కూర్చునేవాళ్లు రారు. తరగతి జాబితా దగ్గర పెట్టుకుని, ఇంతవరకూ రానివాళ్లను పేరు పేరునా పిలిపించు.

ఇప్పుడు కోర్సు. నువ్వు పిల్లలతో మాట్లాడుతుండగా అనుభవజ్ఞులు పక్కన కూర్చుని విని, తప్పొప్పులు చెప్పే కోర్సులోనే చేరు. పరీక్షలు రాయించి సర్టిఫికెట్ ఇచ్చేదైతే డబ్బు దండగ. ఈలోగా రాజీనామా ఇవ్వకు. ముందు మీ హెడ్మాస్టరుగారిని అడిగి వారానికి రెండు పీరియడ్లు ఈ పనికి తీసుకో. జీతం తగ్గే అవకాశం ఉంది కాబట్టి ఇంటి లెక్క కూడా వేసుకో. పరీక్షల సెలవులు మొదలవగానే ఫోను చెయ్యి, మిగతావి మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ