భుజాల బెల్టు లేని స్ట్రెచర్ కొనకండి

ఊళ్లో చందాలు పోగుచేసి అంబులెన్స్ కొంటున్నామని, స్ట్రెచర్‌కు అదనంగా ఏ సామాన్లు తీసుకుంటే పనికొస్తాయో చెప్పమని అడిగారు. ఏడేళ్లు ప్రైవేటు అంబులెన్సుల్లో ఈఎంటీగా, అంటే దారిలో పేషెంటును చూసుకునే టెక్నీషియన్‌గా తిరిగినవాణ్ని. ముందు భుజాల బెల్టులు తీసుకోండి. డబ్బులు మిగిలితే అప్పుడు మిగతావి.

మామూలుగా స్ట్రెచర్‌తో పాటు రెండు బెల్టులు ఇస్తారు, ఛాతీ మీదికి ఒకటి, కాళ్ల మీదికి ఒకటి. మనిషి పక్కకు దొర్లకుండా అవి ఆపుతాయి, నిజమే. కానీ అంబులెన్స్‌లో పేషెంటు తల డ్రైవర్ వైపు ఉంటుంది, కాళ్లు వెనక తలుపు వైపు. సడన్ బ్రేక్ పడితే మనిషి తల వైపుకే జారతాడు. అడ్డంగా కట్టిన బెల్టు కింద నుంచి ఒళ్లు సర్రున వెళ్లిపోతుంది. రెండు భుజాల మీదుగా వచ్చే బెల్టే ఆ జారుడును ఆపుతుంది.

నాకిది పాడేరు ఘాట్‌లో తెలిసొచ్చింది. తుంటి విరిగిన పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి. విశాఖకు తీసుకెళ్తున్నాం. మా బండిలో ఛాతీ బెల్టు బకిల్ ఎప్పుడో విరిగితే ముడేసి వాడుతున్నాం. ఓనర్‌కు రెండుసార్లు చెప్పాను, చూద్దాంలే అన్నాడు. ఘాట్ దిగుడు మొదలవగానే, ఇంకా బ్రేక్ కూడా పడకముందే, ఆయన కొంచెం కొంచెంగా పైకి జరుగుతున్నారు. కింద నున్నటి రెక్సిన్ పరుపు, దాని మీద దుప్పటైనా లేదు. ఒక మలుపులో ఎదురుగా బస్సు వచ్చింది. డ్రైవర్ అన్న బ్రేక్ తొక్కాడు. పెద్దాయన జానెడు జారి తల వెళ్లి ఇనుప కమ్మీకి తగిలింది. తల దెబ్బ కంటే తుంటి దగ్గర పడిన గుంజుడుకే ఆయన ఎక్కువ అరిచారు. నేను మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో భుజాలు అదిమి పట్టుకున్నాను. ఇక సెలైన్ ఎవరు చూడాలి, నాడి ఎవరు చూడాలి?

ఆయన కూతురు ఒక్క మాట మాట్లాడలేదు. సంచిలోంచి పాత చీర తీసి నిలువునా రెండుగా చింపింది. ఒక్కో ముక్కను తండ్రి భుజం మీదుగా వేసి, ఒక కొస వీపు కింద నుంచి, ఒక కొస ఛాతీ మీద నుంచి తెచ్చి, నడుం దగ్గర పక్క కమ్మీకి బిగించి కట్టింది. రెండో భుజానికీ అంతే. "కట్టెల మోపు జారకుండా కట్టుకోమా బాబూ" అంది. చోడవరం దాటేదాకా ఆయన వేలెడు కదల్లేదు. ఆ వారమే నా సొంత డబ్బుతో భుజాల బెల్టు కొని తెచ్చాను.

2005లో 108 వచ్చినప్పటి నుంచి అంబులెన్స్ ఎలా ఉంటుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు. బెల్టు పెట్టబోతే మాత్రం పెద్దవాళ్లే "పాపం, కట్టేస్తున్నారేంటండీ" అంటారు. సిబ్బందిలో కొందరైతే బెల్టుల్ని పరుపు కింద దోపేస్తారు. దాతలకూ ఒక మనవి. బండి చుట్టూ పేర్లు రాయించడానికి, రంగురంగుల లైట్లకు పెట్టే డబ్బులో నాలుగో వంతు స్ట్రెచర్ మీద పెట్టండి.

ఇక మిగతా సామాన్లు. మడిచే సెలైన్ స్టాండు తీసుకోండి, లేకపోతే బాటిల్ పట్టుకోవడానికే ఒక మనిషి కావాలి. చిన్న ఆక్సిజన్ సిలిండర్‌కు స్ట్రెచర్ ఫ్రేముకే బిగించే హోల్డర్ తప్పనిసరి. సిలిండర్‌ను పేషెంటు కాళ్ల మధ్య పడుకోబెట్టి తోసుకెళ్లడం రోజూ చూస్తాం, అది విరిగిన కాలి మీద దొర్లితే ఎలా ఉంటుందో ఆలోచించండి. బండిలో ఉండే బి టైప్ సిలిండర్‌లో సుమారు 1500 లీటర్లు పడుతుంది, నిమిషానికి 5 లీటర్ల చొప్పున 5 గంటలు వస్తుంది. దూరం ఊళ్లకు లెక్క చూసుకోండి. స్కూప్ స్ట్రెచర్ ఒకటి ఉంటే మంచిది. నిలువునా రెండుగా విడిపోతుంది, కింద పడిన మనిషిని ఎత్తకుండానే అటూ ఇటూ నుంచి దూర్చి బిగించవచ్చు. తుంటి, వెన్ను దెబ్బలకు అదే దిక్కు. స్ట్రెచర్‌ను బండి ఫ్లోర్‌కు పట్టి ఉంచే లాక్ గట్టిగా ఉందో లేదో చూడండి, బండి కట్టేవాళ్లను ఏఐఎస్-125 (మన దేశంలో అంబులెన్సుల తయారీకి ఉన్న ప్రమాణం) ప్రకారం కట్టారా అని అడగండి. లాక్ వదులైతే బెల్టులున్నా స్ట్రెచరే మనిషితో సహా ముందుకు పోతుంది.

డబ్బు కట్టే ముందు మీలో ఒకరు ఆ స్ట్రెచర్ మీద పడుకోండి. బెల్టులన్నీ పెట్టించుకోండి. మిగతావాళ్లు కాళ్ల వైపు రెండడుగులు పైకెత్తి, తల వైపు కిందికి ఉండేలా పట్టుకోండి. పడుకున్న మనిషి బెత్తెడు జారినా ఆ సెట్టు వద్దని చెప్పేయండి.