విమానాలతో నీళ్లు చల్లినా ఆస్ట్రేలియా కార్చిచ్చు ఎందుకు ఆరదు?

ఎందుకంటే విమానం పని మంటను ఆర్పడం కాదు, దాని జోరు తగ్గించడం. న్యూ సౌత్ వేల్స్ వాడే బోయింగ్ 737 ఒక విడతకు 15,000 లీటర్లు మోస్తుంది. చిన్న విమానం ఎయిర్ ట్రాక్టర్ 802 సుమారు 3,000. హెలికాప్టర్‌కు దగ్గర్లో చెరువుంటే చాలు, నిమిషాల్లో మళ్లీ నింపుకొస్తుంది. అందుకే మొదటి గంటలో, మంట చిన్నగా ఉన్నప్పుడు, చిన్నవే ఎక్కువ మేలు చేస్తాయి.

పెద్ద విమానాలు చల్లే ఎర్రటి ద్రవం వేరు. అందులో అమ్మోనియం ఫాస్ఫేట్ ఉంటుంది, ఎరుపు ఐరన్ ఆక్సైడ్‌ది. నీరు ఆవిరైపోయినా ఆ లవణం ఆకులకు అంటుకుని, మండే వాయువులు తక్కువగా, బొగ్గు ఎక్కువగా ఏర్పడేలా చేస్తుంది. కాబట్టి దాన్ని మంట మీద కాదు, మంటకు ముందు గీతలా పోస్తారు. వాగులకు దూరంగా పోయాలి, చేపలకు విషం.

మరీ ఎత్తు నుంచి వదిలితే గాలికి చెదిరిపోతుంది. మరీ కిందికొస్తే ఆ బరువుకు కొమ్మలు విరుగుతాయి, కింద మనుషులుంటే ప్రాణాపాయం. దట్టమైన యూకలిప్టస్ అడవిలో చాలా భాగం పైకొమ్మల్లోనే ఆగిపోతుంది. పెనుగాలిలో నిప్పురవ్వలు గీత దాటి కిలోమీటర్ల అవతల కొత్త మంట పెడతాయి.

నేలమీది సిబ్బంది వెంటనే వచ్చి అంచు తవ్వి, నిప్పుకణికలు చల్లార్చకపోతే ఆ గీత ఎంతోసేపు నిలవదు.